సంగటి పక్కన స్పూను

గొప్పలు చెప్పే మగాళ్లంటే నాకు ఒళ్లు మంట. అక్కకు పెళ్లయిన కొత్తలో, తిరుపతి నుంచి బావ నీలం రంగు నైలాన్ తాడుతో చిత్తూరు దగ్గరున్న మా తోటకు వచ్చాడు. దానికి లారీని కట్టినా తెగదట. చిటారు కొమ్మన ఉన్న మామిడికాయలు తానే కోస్తానన్నాడు.

"దిగేదానికి నిచ్చెన తెచ్చేదా బావా?" అన్నాను. మరదలిని, ఆ మాత్రం అనకపోతే ఎలా?

ఆయనకు రోషం వచ్చింది. చెట్టెక్కి, కొమ్మకు తాడు ముక్కను ఉంగరంలా కట్టి, అందులోంచి మిగతా తాడు దూర్చాడు. ఒక కొస నడుముకు కట్టుకుని, రెండో వైపు తాడును రెండు చేతుల్లోంచి వదులుతూ సర్రున జారాడు. సగం దూరంలోనే ముఖం మారిపోయింది. వదిలితే పడతాడు, పట్టుకుంటే చేతులు కాలతాయి. కింద నిలబడేసరికి రెండు అరచేతులూ కమిలిపోయాయి.

నాయన నిచ్చెన వేసుకుని పైకెళ్లి ఆ ఉంగరాన్ని విప్పుకొచ్చాడు. తాడు రాసుకున్న చోట సగానికి పైగా కరిగిపోయింది.

"సూడప్పా, నైలాన్ మింద నైలాన్ రాసుకుంటే వేడికి కరిగిపోతాది. చెట్టు ఇంకొంచెం ఎత్తుండింటే ఇది తెగిపోయుండేది" అన్నాడు.

మధ్యాహ్నం అమ్మ వేడివేడి రాగి సంగటి పెట్టింది. చేతులకు గుడ్డలు చుట్టుకున్న బావకు నేనే స్పూను తెచ్చిచ్చాను. సంగటిని స్పూనుతో తినే అల్లుడిని మా ఊరు అంతవరకూ చూడలేదు.

ఇప్పటికీ ఆయనొస్తే సంగటి పక్కన స్పూను పెడతాను. ఆయన దాన్ని పక్కకు జరిపి, చేత్తోనే ముద్దను కాస్త గట్టిగా పిసుకుతాడు.