తాలింపు పెట్టింది నేనే

రజాకార్ల భయం తీరిన మరుసటి ఎండాకాలం, గరిడేపల్లి దగ్గరి మా ఊళ్లో ఇంటింటా అమ్మవారు పోసింది. మా ఇంట్లో మూడేళ్ల తమ్ముడికి పోసింది. అమ్మవారు ఉన్న ఇంట్లో తాలింపు పెట్టకూడదు. నూనె కాగిన వాసన తగిలితే తల్లికి కోపమొస్తుందని, పిల్లవాడికి ప్రమాదమని ఊరంతా నమ్మేది. పది రోజులుగా చప్పటి పప్పే. నాకప్పుడు తొమ్మిదేళ్లు, నాలుక నా మాట వినేది కాదు.

రాత్రింబవళ్లు తమ్ముడికి వేపమండతో విసిరీ విసిరీ, ఆ మధ్యాహ్నం అమ్మ గోడకానుకుని కునుకు తీసింది. నేను గరిటెలో ఇంత నూనె కాచి, రెండు ఎల్లిపాయలు, ఒక ఎండుమిరపకాయ వేసి, నా కంచంలో పప్పు మీద పోసుకుని గబగబా తినేశాను. గరిటె కడిగి బోర్లించాను కూడా. అంత తెలివి ఏడ్చింది నాకు. వాసన మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది.

పొలం నుంచి వచ్చిన నాన్న గడపలోనే ఆగాడు. "తాలింపు పెట్టినవా?" అని అమ్మను లేపాడు. అమ్మ ఉలిక్కిపడి లేచి, తన చేతులు వాసన చూసుకుంది.

"ఏమో. నిద్రమబ్బుల అలవాటుకొద్దీ పెట్టిన్నో ఏమో."

నాన్నంటే నాకు వణుకు. తలుపు చాటున మూతి తుడుచుకుంటూ నిలబడ్డాను.

తమ్ముడు బతికాడు గానీ ఎడమకన్ను పోయింది. నాన్న ఏడాదిపాటు అమ్మతో సరిగా మాట్లాడలేదు. అమ్మ తనను తానే నమ్మడం మానేసింది. పొయ్యి ఆర్పి, మళ్లీ వెళ్లి చూసొచ్చేది. కూరలో ఉప్పు వేశానా అని నన్నడిగేది, వేశావంటే నమ్మేది కాదు. సూర్యాపేట దవాఖానలో చూపిస్తే బలానికి మందిచ్చి పంపారు. ఉండీ ఉండీ నన్నడిగేది.

"ఆ దినం నువ్వు ఇంట్లనే ఉన్నవ్ గద బిడ్డా. నేను పెట్టంగ సూసినవా?"

"నాకు యాది లేదమ్మా."

పెళ్లయి మిర్యాలగూడ వచ్చిన చాలా ఏళ్లకు, తాలింపుకూ కన్ను పోవడానికీ సంబంధం లేదని ఒక డాక్టరు చెప్పాడు. నా గుండె మీది బరువు దిగినట్టయింది. ఆ మాట పట్టుకుని పుట్టింటికి పరుగెత్తాను. అమ్మ అంతా విని తల ఊపింది.

"కంటి సంగతి గాదు బిడ్డా. నేను పెట్టిన్నా, పెట్టలేదా? గదే తెలుస్తలేదు. జర యాది చేసుకో."

అప్పటికి నాన్న పోయి రెండేళ్లు. ఇంట్లో నేను భయపడాల్సిన మనిషే లేడు.

"యాది లేదమ్మా" అన్నాను.