పొంగవలసిన పాలు

శ్రీరస్తు. పాలకడలిపై పవళించిన స్వామికి నమస్కరించి, జ్యేష్ఠ బహుళ పంచమి నాడు పాలు నన్ను నిలువునా ముంచిన వృత్తాంతాన్ని విన్నవిస్తున్నాను. ఆ ప్రళయాన్ని తెచ్చినవాడు కొన్నేండ్ల క్రిందటి నేను. వాడిని తలచుకుంటే ఈనాటికీ పండ్లు పటపటలాడతాయి. మీరు నవ్వుకోండి, నాకు మాత్రం కోపమే వస్తుంది.

మా అమ్మాయి శారద, అల్లుడు దిల్‌సుఖ్‌నగర్‌లోని కిరాయి ఇల్లు ఖాళీ చేసి అల్మాస్‌గూడలో కొన్న ఫ్లాటుకు మారే రోజది. సామానుతో లారీ కొత్త ఇంటి వాకిట నిలిచి ఉన్నది. పాత ఇంట్లో అప్పుడే కొత్తవారు దిగుతున్నారు. అల్లుని తల్లి యాదమ్మగారిది నల్లగొండ పక్క పల్లె. పాలు పొంగితేనే ఆ ఇంట కాపురం పెట్టాలన్నది ఆమె పట్టు.

పాలు తెచ్చే భారం నేను నెత్తిన వేసుకున్నాను. ప్యాకెట్టు పాలు పాలే కావని, పేరు మార్చుకున్న రసాయనాలని అప్పట్లో నా సిద్ధాంతం. ఎవరు బోధించారంటారా? ఫోనులో ఒక వీడియో. ఒక్క గణం తప్పితే పద్యాన్నే అవతల పారవేసే నేను, దానిని వేదవాక్యంగా స్వీకరించాను. ముందునాటి సాయంత్రమే అబ్దుల్లాపూర్‌మెట్ వెళ్ళి, దగ్గర నిలబడి పితికించి తెచ్చాను.

"ఇలా ఇవ్వండి నాన్నగారూ, ఫ్రిజ్‌లో పెడతాను" అన్నది శారద.

"చల్లదనానికి పాలలోని జీవం చస్తుంది."

"పోనీ, ఒకసారి కాచి ఉంచుతాను."

"కాస్తే సారం పోతుంది. స్వచ్ఛమైన పాలు విరగవమ్మా. విరిగేవి కల్తీపాలు."

ఎంత గంభీరంగా పలికాడో చూడండి ఆ మూర్ఖుడు. ఆ ఉక్కలో పాలు తడిగుడ్డ కింద, అచ్చం నా పాండిత్యం వలెనే, లోలోపల పులుస్తూ కూర్చున్నాయి.

మరునాడు ఫ్లాటులో యాదమ్మగారు కొత్త గిన్నెలో పాలు పోసి పొయ్యి వెలిగించారు. బంధువుల కళ్ళన్నీ గిన్నె మీదనే. అప్పుడైనా నోరు మూసుకున్నానా? ప్యాకెట్టు పాల మీద ఉపన్యాసం దంచి, "విరగడమే కల్తీకి గుర్తు" అని ముగించాను. ఆ మాట ముగిసేసరికి పాలు ముక్కలు ముక్కలై నీళ్ళలో తేలాయి.

యాదమ్మగారు గరిటెతో కదిపి చూశారు.

"ఏంది అన్నయ్యా గిది? పాలు పొంగుతయనుకుంటే పన్నీరయింది."

"గిన్నె దోషం కావచ్చు చెల్లెమ్మా."

"గిన్నె కొత్తది."

"దిష్టి తగిలి ఉండవచ్చు."

"దిష్టి తగిలిందో, నీ తెలివి తగిలిందో. ఇరిగితే కల్తీవే అంటివి. గంత దూరం పోయి కల్తీపాలు తెస్తివా, లేకుంటె నువ్వు చెప్పిందే అబద్ధమా? జర ఏదో ఒకటి ఒప్పుకో."

తర్కశాస్త్రం చదివిన నేను వంగి పొయ్యి ఆర్పాను.

"వేరే పాలు తెప్పిద్దాం అత్తయ్యా" అని శారద బతిమాలింది.

"ఒక్కసారి ఇరిగినంక గీ ముహూర్తం ఒద్దు బిడ్డా."

పురోహితుడు పంచాంగం తిప్పి, జ్యేష్ఠంలో ఇదే చివరిది, ఆషాఢంలో ముహూర్తాలు లేవు, మళ్ళీ శ్రావణంలోనే అన్నాడు.

"గప్పటిదాంక యాడుంటం?" అని అడిగి, యాదమ్మగారే తీర్పు చెప్పారు. "అన్నయ్య ఇంట్లనే. పాలు ఇరగ్గొట్టినోడే అన్నం పెట్టాలె."

లారీ ఎల్బీనగర్‌లోని నా రెండు గదుల వాటాకు తిరిగింది. ఆషాఢమంతా వారి బీరువాకూ మా గోడకూ నడుమ, గ్రంథంలో నొక్కుకుపోయిన పురుగులా పడుకున్నాను. పొద్దున్నే యాదమ్మగారు ప్యాకెట్టు పాలు కాచి కాఫీ అందించేవారు. "తాగు అన్నయ్యా, రసాయనం."

ఆ వీడియో చేసినవాడు ఎదురుపడితే చెవి మెలిపెట్టాలని ఉన్నది. అంతకంటే ముందు మెలిపెట్టవలసిన చెవులు నావే. కనుక సూర్యచంద్రుల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఫోనులో నేర్చిన శాస్త్రాన్ని ఇకపై ఏ పొయ్యి దగ్గరా పలుకను.

శ్రావణ శుద్ధ దశమి నాడు వారు కొత్త ఇంట ప్రవేశించారు. పాలు పొంగాయట. నన్ను లిఫ్టు దగ్గరే నిలబెట్టారు.