పరగడుపు నాటి పెరుగు చక్కెర

నార్సింగి లైబ్రరీలో మెదడు గడ్డల గురించి రెండు లావు పుస్తకాలున్నాయి. రెండూ చదివాను. స్కాన్ రోజు పొద్దున ఇంట్లో ఏం జరుగుతుందో మాత్రం ఒక్కదాంట్లోనూ లేదు. అందుకే ఇది రాసిపెడుతున్నాను. నేను బట్టలు కుట్టేదాన్ని. ఏడో తరగతితో బడి మానేశాను, మిగతా చదువంతా ఆ లైబ్రరీ పెట్టిందే.

మా అన్న నానక్‌రామ్‌గూడలో షేర్ ఆటో నడిపేవాడు. తలలో గడ్డ తీసి, రేడియేషన్ ఇచ్చారు. ఏడాది తిరక్కుండానే అదే చోట తెల్లటి మచ్చ కనిపించింది. గడ్డ మళ్ళీ లేచిందా, లేక రేడియేషన్‌కు కాలిన మచ్చా అన్నది మామూలు స్కాన్‌లో తేలలేదు. పెట్ స్కాన్ చేయించమన్నారు.

"చక్కెర లాంటి మందు నరంలకు ఎక్కిస్తరు. బతికున్న గడ్డయితే ఆబగ తింటది. కాలిన మచ్చ ముట్టదు" అని అన్నకు చెప్పాను.

"అంటే నా తలకాయల ఎవడన్న బువ్వకు కూసున్నడా అని చూస్తరన్నట్టు" అన్నాడు.

స్కాన్‌కు ముందు ఆరు గంటలు ఏమీ తినొద్దని కాగితం మీద రాసి వంటింటి తలుపుకు అంటించాను. తీరా బయల్దేరేటప్పుడు వదిన ఎదురొచ్చి, మంచి జరగాలని చెంచాడు పెరుగు చక్కెర అన్న నోట్లో పెట్టింది. అలవాటుగా మింగేశాడు. నేనూ చూస్తూ నిలబడ్డాను.

దవాఖానలో కౌంటర్ దగ్గరమ్మాయి, "ఏమైనా తిన్నారా అండి?" అని అడిగింది.

"ఏం తినలే" అన్నాడు అన్న. వదిన కూడా తలూపింది.

అప్పుడు నాకు చెంచా గుర్తొచ్చింది. చెబితే వెనక్కి పంపుతారేమో. చెప్పకపోతే, తిన్న చక్కెర అడ్డుపడ్డ స్కాన్ ఫోటోను నమ్మేదెట్లా? చెప్పేశాను.

"అది తినుడా? శకునానికి పెట్టిన" అంది వదిన.

ఆ అమ్మాయి నవ్వు ఆపుకుని, "చెప్పి మంచి పని చేశారండి" అంది. వెనక్కి పంపలేదు, మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టింది. తర్వాత లోపల రక్తంలో చక్కెర చూసి, ఆ మందు సూది వేసి, గంటసేపు మాట్లాడకుండా ఉండమన్నారు.

"పెండ్లయినంక గింతసేపు నోరు మూసుకునుడు గిదే మొదలు" అంది వదిన. అన్న కళ్ళతోనే తిట్టాడు.

మూడో రోజు డాక్టరుగారు ఫోటో చూపించారు. మచ్చ చక్కెర ముట్టలేదు. "కాలిన మచ్చే అనిపిస్తోంది. ఇలా ఉంటే ముందు ముందు కూడా బాగుంటారని ఆశ పెట్టుకోవచ్చు. కానీ మూడు నెలలకోసారి చూసుకోవాలి" అన్నారు.

"ఆటో నడపొచ్చా సార్?" అని అడిగాడు అన్న.

"ఇప్పుడే వద్దు."

"మాట్లాడొచ్చా?"

"దానికి ఢోకా లేదు."

లావు పుస్తకాలకు రెండుసార్లు గడువు పెంచిన లైబ్రరీ సారుకు, కసురుకోకుండా అడిగిన కౌంటర్ అమ్మాయికి, ఫోటో మాకు తెలిసేలా చెప్పిన డాక్టరుగారికి రుణపడి ఉన్నాను. వదినకు కూడా. ఇంటికి రాగానే ఆమె గిన్నెడు పెరుగులో చక్కెర కలిపింది.

అన్న నా వైపు చూసి, "తినాల్నా, వద్దని రాసి తలుపుకు అంటిస్తవా?" అన్నాడు.