సీసాలో మిగిలినవి

నా చిన్నప్పుడు మా ఇంటికి ఎవరు వస్తున్నా మా వాసనే ముందుగా వాళ్ళకు ఎదురు వెళ్ళేది. అది వంట వాసన కాదు, మందు వాసన. మందు అంటే మా గౌడవెల్లిలో రెండు రకాలు. పురుగులకు కొట్టేది ఒకటి, మనుషులు కొట్టేది ఒకటి. మా నాయిన రెండోదాని జోలికి ఎన్నడూ పోలేదు. కానీ తొంభైలలో ఒక ఏడు, మొదటిది కొట్టీ కొట్టీ, రెండోది కొట్టినవాళ్ళకంటే ఎక్కువగా తూలుతూ ఇంటికి వచ్చేవాడు.

రైలుపట్టాల అవతల మాకు గోబిపువ్వు తోట ఉండేది. పట్నం వాళ్ళు కాలీఫ్లవర్ అనేది అదే. దాని ఆకుల అడుగున సన్నటి పచ్చపురుగు చేరేది. సేమ్యా ముక్కంత ఉంటుంది, అందుకే నేను ఈనాటికీ సేమ్యా ముట్టను. అంతకుముందు ఒక్కసారి మందు కొడితే ఆ పురుగు రాలిపోయేది. ఆ ఏడు రాలడం మానేసింది. మేడ్చల్‌లో మందుల దుకాణం సేటు "పురుగుకు గా మందు అలవాటైంది, గిది కొట్టు" అని ప్రతిసారీ కొత్త డబ్బా చేతికిచ్చేవాడు. మావాళ్ళ పద్ధతి ఏమిటంటే, పాత డబ్బాలో మిగిలింది పారబోయరు, కొత్తదాంట్లో కలిపేస్తారు. ఒకటి పని చేయకపోతే ఇంకొకటైనా చేస్తుందని నమ్మకం. నాయిన అన్నీ డ్రమ్ములో పోసి వేపకట్టెతో తిప్పేవాడు. కట్టె కనబడకపోతే మోచేతి దాకా చెయ్యి పెట్టి తిప్పేవాడు.

మెల్లగా తోటకు పిచ్చుకలు రావడం మానేశాయి. కాలువలో కప్పలు వెల్లకిలా తేలేవి. సాయంత్రం నాయిన స్నానం చేసేదాకా మేమెవరమూ దగ్గరికి పోకూడదని అమ్మ గట్టిగా చెప్పింది. స్నానం చేసి వచ్చి అన్నం కలుపుకుంటుంటే ఆయన వేళ్ళు వణికేవి. ముద్ద నోటికి అందేలోపు సగం మెతుకులు కింద పడేవి. తోటలో పురుగులు రాలడం లేదు, ఇంట్లో మెతుకులు రాలుతున్నాయి అనుకునేదాన్ని. అమ్మ తన కంచం వైపు చూసేది కాదు, ఆ వేళ్ళవైపే చూసేది.

పక్కింటి అక్క మేడ్చల్ కాలేజీలో బీయస్సీ చదివేది. ఆదివారం పొద్దున చర్చిలో కమ్మగా పాటలు పాడి వచ్చి, మిగిలిన రోజంతా చీమల వెంట, తొండల వెంట తిరిగేది. "మంచిగ దేవుని పాటలు పాడే పిల్ల, గీ పురుగుల పిచ్చేందో" అని మా అవ్వ తెగ బాధపడేది. ఒకరోజు ఆ అక్క నా చేతిలో రెండు పచ్చడి సీసాలు పెట్టింది. మూతలకు మేకుతో చిల్లులు పొడిచి ఉన్నాయి. ఒకదాంట్లో మా తోటలో మందు కొట్టాక కూడా చావని పురుగులు. రెండోదాంట్లో అవ్వ కూరకని పెరట్లో పెట్టుకున్న నాలుగు గోబి మొక్కల మీది అవే పచ్చపురుగులు. పెరట్లో మేం ఎన్నడూ మందు కొట్టింది లేదు. వాటిని ఏరినప్పుడు నేను చేసిన గొప్ప సాయం, కళ్ళు గట్టిగా మూసుకుని సీసా పట్టుకోవడం.

రోజూ రెండింట్లోనూ మందు తగలని పెరటి ఆకులే వేస్తూ వచ్చాం. అవి తిని, గూళ్ళు కట్టి, బూడిదరంగు చిన్న రెక్కలపురుగులై గుడ్లు పెట్టాయి. గుడ్లలోంచి పిల్లపురుగులు వచ్చాయి. రెండు సీసాల్లోవీ ఒక్కలాగే ఉన్నాయి, ఏ ఒక్కటీ పుట్టాక మందు వాసన చూసింది కాదు. అప్పుడు అక్క చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని, నాయిన కలిపిన మందులో రెండు ఆకులు ముంచి, ఆరబెట్టి, సీసాకొకటి వేసింది. మర్నాటికి పెరటి సీసా అడుగున పిల్లలన్నీ నల్లగా ముడుచుకుని పడి ఉన్నాయి. తోట సీసాలో ఆకు జల్లెడ అయిపోయింది. పురుగులు బలిసి నిగనిగలాడుతున్నాయి.

అక్క ఆ సీసా తెచ్చి నాయినకు చూపించింది. ఆయన వెలుగుకు ఎత్తి చాలాసేపు చూశాడు.

"గింత మందు తిని గూడ సస్తలేవా? అయితే ఇంకింత ఘాటుగ కలపాలె."

"గట్ల గాదు చిన్నాయినా, జర ఆగి నా మాటినుండ్రి..."

"ఇనుడేంది బిడ్డా, కండ్లతోని జూస్తున్న గద" అంటూనే ఆయన పంపు భుజానికి తగిలించుకున్నాడు.

ఆ మధ్యాహ్నం తోటకు సద్దిమూట తీసుకుపోయిన అమ్మకు నాయిన గట్టు మీద పడి కనిపించాడు. నోటి వెంట నురగ. కనుపాపలు ఆవగింజలంత అయిపోయి ఉన్నాయట. పాల ఆటోలో వేసుకుని మేడ్చల్ దవాఖానకు పరుగెత్తారు. బతుకుతాడో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు డాక్టర్లు. నన్ను అక్క వాళ్ళింట్లో ఉంచారు. అక్కడ కిటికీలో ఆ తోట సీసా ఉండేది. నేను దాని ముందే కూర్చునేదాన్ని. అవి తింటూనే ఉన్నాయి.

నాయిన బతికాడు. ఇంటికి తెచ్చి పడసాలలో పడుకోబెట్టారు. పైన దూలానికి అవ్వ కట్టిన మక్కజొన్న కంకులు వేలాడుతున్నాయి. చూడ్డానికి వచ్చిన అక్కను ఆయన మొట్టమొదట అడిగింది సీసాలోని పురుగుల గురించే.

"గవి సచ్చినయా?"

"సావలే చిన్నాయినా. మళ్ళ గుడ్లు పెట్టినయ్."

తర్వాత అక్క తలెత్తి అవ్వను అడిగింది. "అవ్వా, గా కంకులెందుకు కట్టినవ్?"

"విత్తనానికి. పెద్దయి జూసి ఏరి కట్టిన."

"మిగిలినయి?"

"పిండి పట్టిస్తిమి. ఇగ గవేం మొలుస్తయే, పిచ్చిపిల్లా!"

"పురుగులల్ల గూడ గంతే చిన్నాయినా. ఎన్నో పుడితె ఒకటో రెండో మందుకు తట్టుకునే గుణంతోటి పుడ్తయ్. గది నేర్చుకున్నది గాదు, పుట్టుకతోనే అచ్చింది. మందు తట్టుకోలేనియన్ని సంపుతది. ఇగ గుడ్లు పెట్టేటియి గవే. పిల్లలకు గూడ గదే గుణమస్తది."

నాయిన కంకుల వైపు అలాగే చూశాడు. "అంటే, ఇన్నొద్దులు నేను పురుగులకు విత్తనం గడ్తున్ననా బిడ్డా?"

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సేటు చెప్పినట్టు ఏ పురుగూ మందుకు అలవాటు పడలేదు. మారింది పురుగు కాదు, పురుగుల ఊరు. మెత్తనివాళ్ళందరినీ మేమే ఏరి చంపి, ఆ ఊరిని గట్టివాళ్ళకు అప్పజెప్పాం. ఎంత ఘాటుగా కలిపితే అంత గట్టివాటిని ఏరిపెట్టాం.

మళ్ళీ పంటకు, అక్క మాట మీద, నాయిన నాలుగు సాళ్ళు మందు కొట్టకుండా వదిలేశాడు. మెత్తని పురుగులూ బతికి గట్టివాటితో కలిస్తే పిల్లల్లో కొన్నైనా మందుకు లొంగుతాయని ఆశ. మిగతా సాళ్ళలో కూడా చేత్తో ఏరగలిగినన్ని ఏరి, ఎప్పుడో గానీ పంపు ఎత్తలేదు. పక్క చేలవాళ్ళు గట్టు మీద నిలబడి నవ్వేవాళ్ళు. "ఏందే, పురుగులకు దావత్ ఇస్తున్నవా? జర మమ్ముల గూడ పిలువు!" పంట గొప్పగా ఏమీ రాలేదు, కానీ పూర్తిగా పోలేదు. నవ్వినవాళ్ళ డ్రమ్ముల్లో మందులు కలుస్తూనే ఉన్నాయి. గాలి అటునుంచి వీచిన రోజు అమ్మ కిటికీలు మూసేది. నాయిన వేళ్ళ వణుకు మాత్రం చివరిదాకా పోలేదు.

తర్వాత ఆ చేలన్నీ ప్లాట్లయ్యాయి. మా తోట ఉన్నచోటికి దగ్గర్లోనే, మూడో అంతస్తులో ఇప్పుడు నేనుంటున్నాను. నాకూ పూటకో మందు మింగే వయసు వచ్చింది. ఒంట్లో క్రిములను చంపే మందైతే డాక్టరు రాసినన్ని రోజులూ మింగుతాను, తగ్గింది కదా అని మధ్యలో ఆపను. సాయంత్రాలు దోమలకు మందు పొగ కొట్టే బండి వచ్చి పోతుంది. పిల్లలు అన్నీ చచ్చాయని చప్పట్లు కొడుతూ నేల మీద పడ్డవాటిని ఊడ్చేస్తారు. నేను కళ్ళద్దాలు పెట్టుకుని, బతికినవాటి కోసం గోడలు వెతుకుతాను. తలుపు వెనక, క్యాలెండరు పక్కన.

ఎక్కడో ఒకటి ఉంటుంది.