నీళ్ల బండి డీజిల్ ఎవలు తాగిన్రు?

దేవరకొండల బస్సు దిగిన. పొద్దు పొడిచి గంట గాలే, అప్పటికే నెత్తి కాలుతాంది. ఒక బట్టల బ్యాగు, బండ్లు బాగుజేసే పానాల సంచి, నా పాత మిల్ట్రీ బూట్లు. గదే నా సామాను.

తెలంగాణ వచ్చినంక రెండో ఎండకాలం అది. వానల్లేవు. బోర్లు ఎండిపోయినయ్. గుట్టల మీది తండాలకు నీళ్లు మోసే పని ఒక కాంట్రాక్టర్ పట్టిండు. పాత పికప్ బండ్లు, ఎనక నల్ల ప్లాస్టిక్ ట్యాంకులు. నేను రామన్నపేటోణ్ని. మిల్ట్రీ వర్క్‌షాపుల బండ్ల కింద పండుకునే సర్వీసు ఒడగొట్టిన. ఇంటికాడ ఖాళీగున్న, పిలిస్తే పోయిన.

మీరు కలిసినప్పుడల్ల బార్డర్ ముచ్చట జెప్పు జెప్పు అని పానం తింటరు. బార్డర్ల నాకేం గాలేదయ్యా! మంచు జూసిన, బండ్లు బాగుజేసిన, తిన్న, పన్న. నన్ను ఇప్పటికీ కుదురుగ ఉండనియ్యని డ్యూటీ ఇదొక్కటే.

బంకు పక్కన రేకుల షెడ్డు కాంట్రాక్టర్ ఆఫీసు. కూసోమని గూడ అనలే. ఆర్డర్ ఇచ్చిండు.

"గా తెల్ల బండి లీటరుకు పన్నెండు కిలోమీటర్లు ఇచ్చేది. ఇప్పుడు ఏడు గూడ ఇస్తలేదు. డ్రైవర్ డీజిల్ తీసి అమ్ముకుంటుండు. నువ్వు మిల్ట్రీ మనిషివి. పక్కన గూసొని తిరుగు. దొంగను పట్టియ్యి."

"ముందుగాల బండిని సూడనియ్యి" అన్న.

"బండికేం రోగం? రోగం మనిషికి."

డ్రైవర్ పేరు మొయినుద్దీన్. అందరు చాచా అంటరు. అరవైకి దగ్గర పడ్డడు. సన్నటి మనిషి, మెడల గళ్ల తువ్వాల. నా మొఖం దిక్కు సూడకుండనే అన్నడు: "నా మీద పహరాకు వచ్చినవా? గూసో. డోరు గట్టిగ గుంజు, లేకుంటే పడది."

అప్పటికే గా మనిషి ఇజ్జత్ బజార్ల పడ్డది. మా దిక్కు దొంగతనం మీదికొస్తే గుడి ముందటనో దర్గా కాడనో ప్రమాణం జేపిస్తరు. చేసినోడు బయటపడ్డట్టు, చెయ్యనోడు దొంగ. కాంట్రాక్టర్ పదిమందిల దర్గాకు రమ్మన్నడు. చాచా పోలే.

"డీజిల్ కోసం నా బిడ్డల మీద ఒట్టు పెట్టుకోవాల్నా? థూ!" అన్నడు.

గంతే, దొంగ అని ఊరంత ముద్ర ఏసింది. నేను పోయిననాడే సూసిన. చాయ్ హోటల్ల ఒకడు ఎనకనుంచి "చాచా, మా ట్రాక్టర్‌కు గూడ జర పోయరాదు" అని నవ్విండు. చాచా సగం చాయ్ ఇడిసిపెట్టి లేసిండు. పెద్దమనిషిని పట్టుకొని గామాట ఎట్ల అనబుద్ధైందో! నాకు ఒళ్లు మండింది.

మొదలు ట్యాంకు మూతి దాకా డీజిల్ కొట్టిచ్చిన. మూతకు నా తాళం ఏసిన. దినమంత తిరిగి మళ్ల మూతి దాకా కొట్టిచ్చి లెక్క జూసిన. ఏడుకు తక్కువనే. తాళం తాళమే ఉన్నది. అంటే దొంగ బండిలనే ఉన్నడు.

కిందికి దూరిన. పైపులు తడి లేవు, కారుడు లేదు. ఎయిర్ ఫిల్టర్ల గుప్పెడు ఎర్రదుమ్ము. దులిపి పెట్టిన. టైర్లల్ల గాలి తక్కువుంటే కొట్టిచ్చిన. కొంచెమే ఫరక్ వచ్చింది. పొగ నల్లగ లేదు, ఇంజిన్ గుంజుడు బాగనే ఉంది.

మూడో దినం డిండి దిక్కు పోయే సాపు రోడ్డు మీద చాచాను న్యూట్రల్ జెయ్యమన్న. మంచి బండైతే చాలాదూరం జారుకుంట పోవాలె. ఇది ఎవలో ఎనకనుంచి పట్టి గుంజినట్టు ఆగింది. దిగి ఎనక చక్రం డ్రమ్ము మీద చెయ్యి పెట్టిన. చుర్రుమన్నది. కాలిన వాసన. జాకీ ఎత్తి చక్రం తిప్పిన. రెండు చేతులతోటి తిప్పితే గాని తిరగలే. హ్యాండ్ బ్రేకు కేబుల్ నట్టు చివరి దాకా బిగిచ్చి ఉన్నది. బండి బ్రేకు ఏసుకొనే ఉరుకుతాంది. డీజిల్ తాగింది గదే.

"ఎవలు బిగిచ్చిన్రు చాచా?"

"నేనే."

"నువ్వేనా? మరి ఎందుకు చెప్పలే?"

చాచా బండి నీడల కూసొని బీడీ ముట్టిచ్చిండు. "పైతండ సూసినవ్ గద. నిట్ట ఎత్తు. సెల్ఫ్ పని జెయ్యది, ఇంజిన్ బంద్ జేస్తే నిండు ట్యాంకుతోటి మళ్ల లేవది. గేర్ల పెట్టి ఆపరాదు. హ్యాండ్ బ్రేకే దిక్కు. కేబుల్ సాగిపోయింది. ఒకనాడు బండి మూరెడు ఎనక్కి జరిగింది, ఎనక ఇరవై మంది ఆడోళ్లు. నా పానం పోయినంత పనైంది. కాంట్రాక్టర్‌ను కొత్త కేబుల్ దెమ్మంటే, రాయి పెట్టుకో అన్నడు. గందుకే బిగిచ్చిన. డీజిల్ అయితది ఎరికే. మనుషులు కావాల్నా, డీజిల్ కావాల్నా?"

"గీ ముచ్చట నలుగురిల అనొద్దా?"

"కేబుల్ అడిగినప్పుడే ఇనలేదు. దొంగ అన్నంక చెప్తే ఎవలింటరు?"

నాకు సంబురమైంది. చాచా పేరు సాఫు అయితది అనుకున్న. ఆ మాపటికే షెడ్డుల పదిమంది ముందట నిలవడి చెప్పిన. చక్రం ఎత్తి తిప్పి సూపెట్టిన. కాంట్రాక్టర్ తన చేత్తోటి గూడ చక్రం తిప్పి సూసిండు. ఆఖరుకు "సరే, చాచా డీజిల్ తీయలే. తప్పైంది" అన్నడు. చాచా కండ్లు తుడుసుకున్నడు. నవ్వినోడు తెల్లారి చాయ్ తెచ్చిచ్చిండు.

ఆడికి ఆగితే ఎంత బాగుండె!

"ఇగ గా బ్రేకు వదులు జేపియ్యి" అన్నడు కాంట్రాక్టర్.

"కొత్త కేబుల్, కొత్త బ్రేకు లైనర్లు ఏసినంక. హైదరాబాద్ నుంచి రావాలె. రెండు దినాలు బండి నిలవెట్టు."

"రెండు దినాలు తండోళ్లు ఏం తాగాలె? నువ్వు జెప్పు మిల్ట్రీ."

గా మాట గూడ నిజమే. కని నేనైతే వదులు జెయ్యను అన్న. పక్క షాపు మెకానిక్‌ను పిలిచి వదులు జేపిచ్చిండు. చాచా తాళంచెవి బల్ల మీద పెట్టిండు. "దీన్ని పైతండకు నేను తోలను." అని నడుసుకుంట పోయిండు. కొత్త డ్రైవర్ వచ్చిండు, ఉషారు మనిషి. ఆపితే ఆగేటట్టు లేరని నేను బండిల ఎక్కిన. రెండు పెద్ద రాళ్లు కాళ్లకాడ పెట్టుకున్న.

పైతండల బిందెల లైను పెట్టేది సక్రిబాయి. యాభై ఏండ్లు ఉంటయ్. గొంతు మా హవల్దార్ గొంతు లెక్కుంటది. అంతకుముందు నాడు నాకు జొన్నరొట్టె పెట్టి, "తిను మిల్ట్రీ, బార్డర్ల గిసుంటిది దొరకది" అన్నది.

ఎండ నడినెత్తికొచ్చింది. బండి కనబడంగనే బిందెలు ఉరికొచ్చినయ్. డ్రైవర్ ఇంకా ఆపుతనే ఉన్నడు, ఒకామె ఎనకకు పోయి ట్యాంకు నల్లా తిప్పింది. డ్రైవర్ హ్యాండ్ బ్రేకు గుంజి కిందికి దిగిండు. నేను రాయి పట్టుకొని దిగిన.

"ఎనకనుంచి జరుగున్రి! జరుగున్రి!" అని మొత్తుకున్న.

ఒక చక్రం కింద రాయి పడ్డది. మొరం మీద అది జారింది. బండి కదిలింది. సక్రిబాయి సంకల పోరగాండ్లున్న ఇద్దరు తల్లులను రెండు చేతులతోటి పక్కకు నూకింది. ఆమెకు జరిగే జాగా దొరకలే. బండి ఎనకున్న బండకు కొట్టుకొని ఆగింది. నడుమ ఆమె.

నేను ఊళ్లె చానమంది చచ్చుడు సూసిన. గిట్ల సూడలే.

సక్రిబాయి దినాలైనంక నేను ఇంటికి తిరిగొచ్చిన. కాంట్రాక్టర్ మీద కేసైంది, మా మాట గూడ రాసుకున్నరు. బస్టాండ్ల చాచా వచ్చి నా పక్కన గూసున్నడు. చెయ్యి పట్టుకున్నడు.

"నా పేరు నిలవెట్టినవ్ బిడ్డా. నీ మీద నాకేం కోపం లేదు. కని, ఇంకొన్ని దినాలు దొంగ అన్నా పడి ఉంటుంటి. బ్రేకు గట్టిగనే ఉంటుండె. సక్రి బతికుంటుండె."

బస్సు వచ్చింది. నేను ఎక్కిన. చాచా నా సంచి పైకి అందిచ్చిండు.

ఇంటికొచ్చి ఇన్నేండ్లయింది. రక్తం మరిచిన, అరుపులు మరిచిన. ఒక్కటి పోతలేదు. నల్లా తిప్పినామె దాన్ని కట్టెయ్యలే. తండంత గుండెలు బాదుకుంటాంది, నీళ్లు ధారగ మొరంల పడి ఇంకిపోతున్నయ్. అప్పుడు సక్రిబాయి కోడలు ఏడ్సుకుంటనే లేసింది. అత్త బిందె ఏరుకొని ధార కింద పెట్టింది. అది నిండేదాక పక్కన నిలవడి ఏడ్సింది. నిండినంక ఇంకో బిందె పెట్టింది.