పోతరాజు ఒంటి పసుపు

కొండల్‌కు ముందుపళ్లు రెండు ఊడాయి ఒక ఫోటో వల్ల. ఛత్రినాక బస్తీలో మా ఇంటి కిందే అతని స్టూడియో. 2004లో పెద్ద ఇంక్‌జెట్ ప్రింటర్ కొని, కొబ్బరికాయ కొట్టి, కుంకుమబొట్టు పెట్టాడు. అమ్మినవాడు కంప్యూటర్లో ఏవో సెట్టింగులు అమర్చిపోయాడు. పూజనాడు పెట్టినవి కదా అని కొండల్ మళ్లీ వాటి జోలికి పోలేదు.

ఆ ఏడు బోనాలకు, ఒళ్లంతా పసుపుతో అమ్మోరి ముందు నడిచే పోతరాజు వేషం కట్టే రామ్‌చందర్ నిలువెత్తు ఫోటో అడిగాడు. బట్టలాంటి మందపు కాగితం మీద వేస్తే, ఒంటి పసుపంతా పాచిరంగుకు తిరిగింది.

"శవం లెక్క జేసినవ్ గదరా. అమ్మోరి ముంగట గిట్లనే నిలబడాల్నా?" అంటూ రామ్‌చందర్ అతని మూతి మీద గుద్దాడు. కొండల్ అద్దాల బీరువా మీద పడ్డాడు. మోచేతిలో గాజు దిగింది. నేను మెట్లు దిగేసరికి రామ్‌చందర్ అతని కుడిచెయ్యి బల్లకు అదిమి పట్టి ఉన్నాడు.

"రేపు ఊరేగింపు. పొద్దుగాలకు సక్కగ రాకుంటే ఈ చెయ్యి ఇరుస్త."

అతను వెళ్లాక కొండల్ నెత్తురు ఉమ్మి, "స్పెషల్ సాఫ్ట్‌వేర్ కొనాల్సిందే పెద్దమ్మా. అది లేకుంటే పెద్ద ఫోటోలు గిట్లనే వస్తయని అమ్మినోడు అప్పుడే చెప్పిండు" అన్నాడు.

"ముందుగాల కంప్యూటర్ల ఉన్నది ఏమేం అడుగుతదో సదువు" అన్నాను.

తెలుసుకోనిదే నాకు అన్నం అరగదు. ఒక్కొక్కటే చదివించాను. కాగితం రకం అన్నచోట నున్నటి మెరుపు కాగితం పేరుంది.

"నువ్వేసింది గిది కాదు గద?"

"కదిలిస్తే మిషన్ ఖరాబైతదని..."

"పళ్లు ఖరాబైనయ్ గద. కదిలించు."

అసలు కాగితం పేరు పెట్టి చిన్న ముక్క మీద ప్రింటు తీశాడు. అతని భార్య కొమురమ్మ మణికట్టుకు పసుపు రాసుకుని పక్కన పెట్టింది. ప్రింటులో పాచిరంగు పోయింది కానీ, కొంచెం ఎరుపు తేలింది. ఫోటో దిద్దే సాఫ్ట్‌వేర్, ప్రింటర్ రెండూ రంగును సవరిస్తున్నాయని అప్పుడు కనిపెట్టాడు. ప్రింటర్ సవరణ ఆపేస్తే, కాగితం, మణికట్టు ఒకే రంగయ్యాయి.

పొద్దున రామ్‌చందర్ ఒళ్లంతా పసుపుతో, భుజాన కొరడాతో వచ్చాడు. ఫోటో పక్కన తన చెయ్యి పెట్టి చూసుకుని, "గిది నిన్ననే ఇస్తే ఏం బోయె?" అని నవ్వాడు.

ఆ నవ్వు మీదే కొండల్ ఎడమ పిడికిలి పడింది. గడ్డం పసుపులోకి నెత్తురు కారింది. కొరడా లేస్తుందని నేను కొమురమ్మను వెనక్కి లాగాను. రామ్‌చందర్ పెదవి తుడుచుకుని, "బరాబర్. నీకు నాకు చెల్లు" అని ఫోటో చంకన పెట్టుకుని వెళ్లాడు.

పండగ దాటాక ప్రింటర్ అమ్మినవాడు ఆ స్పెషల్ సాఫ్ట్‌వేర్ డబ్బా పట్టుకుని వచ్చాడు.

"పది మిషన్లు దినమంతా నడిపేటోనికి అమ్ముకో భాయ్. నా ఒక్కదానికి ఉన్నదే సాలు" అన్నాడు కొండల్.

అది లేనిదే నాణ్యత రాదని వాడు మళ్లీ మొదలుపెట్టాడు. కొండల్ వాడి గల్లా పట్టి, గోడకేసి ఒక గుద్దు గుద్ది, రోడ్డు మీదికి నెట్టాడు.