లైబ్రరీ అమ్మగారి పడవ బల్ల

మా బాబాయికి చెవులు వినపడవు. ఈ సంగతి ఏడేళ్ళపాటు మా పిన్నికీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. తెలిసినా ఒప్పుకోని మూడో మనిషి బాబాయి.

ఆయన రేవులో పడవలకు లోపలి చెక్కపని చేస్తాడు. మంచాలు, అల్మరాలు, మెట్లు, బల్లలు. పద్నాలుగేళ్ళ వయసులో ఉలి పట్టాడు. నలభై ఏళ్ళు రంపం మిషను పక్కన నిలబడ్డాడు. అది చెక్కతోపాటు ఆయన చెవుల్నీ కోసుకుంటూ పోయింది. నేను అదే షెడ్డులో వార్నిష్ పని చేస్తాను. మా నాన్న పోయాక నాకు బ్రష్షు పట్టుకోవడం నేర్పింది ఈయనే, కాబట్టి ఆయన్ని తిట్టే హక్కు నాకుంది.

చెవిటివాడి ముందు శంఖం ఊదితే ఏం కొరుకుతున్నావని అడిగాడట వెనకటికొకడు. మా బాబాయి అలా కూడా దొరకడు. ఎదుటివాళ్ళ పెదాలు చూస్తాడు, నవ్వుతాడు, తలూపుతాడు. లేదంటే ఎవరికీ సందివ్వకుండా తనే మాట్లాడతాడు. షెడ్డుకు ఎవరైనా వస్తే నేను ఆయన ఎడమవైపు చేరతాను, ఆ చెవి కాస్త నయం. వాళ్ళు చెప్పిందాన్నే అర్థం కానట్టు గట్టిగా మళ్ళీ అడుగుతాను. "అంటే, మూడు అరలు కావాలంటారు?" అని. రేవులో నాకు మందబుద్ధి పిల్ల అన్న పేరు అలా వచ్చింది. ఆ పేరు మోయడం నాకు పెద్ద కష్టం కాలేదు.

కెప్టెన్ గారూ ఆయన భార్యా మా దగ్గరికి వచ్చింది బల్ల కోసం. ఆయన ఏనాడూ కెప్టెన్ కాదు. ఓడ ఇంజను గదిలో పనిచేసి రిటైరయ్యాడు, సొంత తెరచాప పడవ కొన్నాక రేవంతా అలా పిలుస్తోంది. ఆవిడ ముప్పై ఏళ్ళు లైబ్రరీలో పనిచేసింది. అందుకేనేమో, పక్కన ఎవరో చదువుకుంటున్నట్టే మాట్లాడుతుంది.

రెండేళ్ళ కిందట పడవ ఒక పక్కకు ఒరిగినప్పుడు ఆవిడ పట్టుకోవడానికి ఏమీ దొరక్క పడిపోయింది. తుంటి విరిగింది. లోపల స్టీలు ముక్క వేశారు. అప్పట్నుంచి పడవ ఎక్కలేదు. ఆవిడ రాకపోతే ఆయనా వెళ్ళడు, పడవ అమ్మేస్తానన్నాడు. అప్పుడు ఆవిడే ఒక ఉపాయం చెప్పింది. పడవ వెనక భాగంలో, చుక్కాని చక్రం ముందు, రెండు బెంచీల మధ్య కూర్చునే చోటుంటుంది. దాన్ని కాక్‌పిట్ అంటారు. దాని నడుమ ఒక బల్ల ఉంటే, దాన్ని పట్టుకుని ఇటు నుంచి అటు దాటగలనంది. బల్ల నిలబడితే నేనూ నిలబడతానంది. కెప్టెన్ గారు ఇదంతా మాకు చెబుతుంటే ఆవిడ పక్కనే తల దించుకుని చెక్క పొట్టును చెప్పుతో కుప్ప చేస్తూ నిలబడింది.

బాబాయి చాలా మందికి బల్లలు చేశాడు గానీ ఇంత శ్రద్ధగా చేయడం నేను చూడలేదు. టేకు పలకలు నాలుగు నిలబెట్టి ఆవిణ్ణే ఎంచుకోమన్నాడు. ఆవిడ ఒక్కోదాన్నీ వేళ్ళతో తడిమి, గీతలు నిటారుగా ఉన్న దాన్ని చూపించింది. "చూశావా, దీని సంగతి తెలిసిన చెయ్యి," అన్నాడు నాతో. కర్రముక్కలు మూడు లావుల్లో చెక్కి ఆవిడ చేతికిచ్చి బిగించి పట్టుకోమన్నాడు. గుప్పిట సరిగ్గా మూసుకున్న ముక్కను పక్కన పెట్టి, బల్ల అంచు అదే లావులో గుండ్రంగా చెక్కుతానన్నాడు. తుంటికి తగలకుండా మూలలు కోసేస్తానన్నాడు. రెండు పక్కలా మడిచే రెక్కలు, గ్లాసులు జారకుండా చుట్టూ సన్న పట్టీ. అన్నీ కుదిరాయి. ఇక మిగిలింది పడవలో కొలతలు తీయడం, కాలు ఎలా బిగించాలో తేల్చడం.

కొలతలు తీయాల్సిన రోజు పొద్దున నేనూ బాబాయీ పోట్లాడుకున్నాం. చెవుల డాక్టరు దగ్గరికి పద అన్నాను.

"నావి పాము చెవులే. నీ గోలే చెవిలో జోరీగలా ఉంది," అన్నాడు.

"జోరీగ ఉన్నా నీకు వినపడదులే."

అది మాత్రం వినపడింది. కొలతలు గీసుకునే అట్టముక్కలు చంకలో పెట్టుకుని ఒక్కడే పడవ దగ్గరికి పోయాడు. పోతే పోనీ, ఒక్కరోజు నేను లేకుండా అవస్థ పడితే తెలిసొస్తుందని షెడ్డులోనే కూర్చున్నాను. నాకు కోపం వస్తే కళ్ళు కనపడవు. ఆయనకు చెవులైతే నాకు కళ్ళు, మా వంశంలో ఏదో ఒకటి తక్కువే.

తిరిగొచ్చి, "గట్టు మీంచి అమ్మగారే చెప్పారు, కాలు ఊడేలా చేయాలి. పట్టుకుని లాగితే ఊడి రావాలట," అన్నాడు.

నాకు అనుమానం వచ్చింది. పట్టుకోవడానికి చేయించుకునే బల్ల లాగితే ఊడి రావాలని ఎవరైనా అడుగుతారా? కానీ చాలామంది అలాగే అడుగుతారు కూడా. బల్ల తీసేస్తే కాక్‌పిట్‌లో పడుకోవచ్చు, కడుక్కోవచ్చు.

"సరిగ్గా విన్నావా?" అన్నాను. ఆ పూట అడగకూడని మాట అదొక్కటే.

"నన్ను చెవిటివాణ్ణంటావా?" అని ఉలి బల్ల మీద విసిరాడు. రెండు రోజులు మాటల్లేవు. ఆవిడకు ఒక్క ఫోను చేస్తే తేలిపోయేది. చేయలేదు. ఆయనే వచ్చి అడగాలని బిగుసుకుని కూర్చున్నాను. ఈ తప్పులో పెద్ద వాటా నాదే, ఇంకెవరి మీదా నెట్టలేను.

బాబాయి మాత్రం తను విన్నదానికి న్యాయం చేశాడు. స్టీలు గొట్టాన్ని కాలుగా పెట్టాడు. అది దిగడానికి నేలలో ఒక స్టీలు గిన్నె బిగించాడు. మామూలుగా పట్టుకుంటే కదలదు. పావు వంతు తిప్పి పైకి లాగితే బల్ల మొత్తం చేతికొస్తుంది. "పట్టుకున్నప్పుడు నిలవాలి, తీయాలంటే రావాలి. రెండూ కుదిరాయి," అని మురిసిపోయాడు. నేను ఆరు పూతల వార్నిష్ వేశాను. ఒక్కో పూత ఆరాక ఉప్పుకాగితంతో రుద్దుతూ, ఇవాళ ఫోను చేద్దాం, రేపు చేద్దాం అనుకున్నాను. తర్వాత ఇంత అందమైన బల్లలో తప్పేముంటుందిలే అని నన్ను నేనే బుజ్జగించుకున్నాను.

బిగించిన రోజు ఆవిడ రెండేళ్ళ తర్వాత పడవ ఎక్కింది. కెప్టెన్ గారు చెయ్యి అందిస్తే వద్దంది. బల్ల అంచు పట్టుకుంది. గుప్పిట మూసుకోగానే ఆవిడ మొహంలో భయం తగ్గడం నేను చూశాను. నిజం చెప్పాలంటే నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఒక అడుగు, రెండో అడుగు వేసింది. అంతలో ఎదురుగా పెద్ద లాంచీ వేగంగా పోయింది. దాని అల వచ్చి పడవను ఎత్తి కుదేసింది. ఆవిడ ఒళ్ళు మెలితిరిగింది. పడబోయే మనిషి ఏం చేస్తుంది, రెండు చేతులా బల్లను పట్టుకుని లాగింది. పావు వంతు తిరిగి, ఎలా లేవాలని చేశాడో అలాగే చక్కగా పైకి లేచింది బల్ల. ఆవిడ బెంచీకీ చక్రానికీ మధ్య పడింది. బల్ల ఆవిడ మీద పడింది.

మేం ముగ్గురం కలిసి బల్ల తీశాం. మోచెయ్యి చీరుకుపోయి రక్తం కారుతోంది. తుంటికి ఏమీ కాలేదని కాళ్ళు ఆడించి చూపించింది. కానీ లేవలేదు. నేల మీదే కూర్చుని, ఊడిన బల్ల కాలు వైపు చూస్తూ ఉండిపోయింది.

"ఏం పనయ్యా ఇది? పట్టుకోవడానికి చేయమంటే ఊడేలా చేస్తావా?" అని కెప్టెన్ గారు అరిచాడు. ఆ అరుపు బాబాయికి బాగానే వినపడింది.

"అమ్మగారే అడిగారండీ. లాగితే ఊడి రావాలన్నారు. ఈ చెవులతో విన్నాను."

"నేను ఊడి రాకూడదు అన్నాను," అంది ఆవిడ. పక్కనే ఉన్న నాకే ఆ మాట అందీ అందనట్టు వినపడింది.

అప్పుడు నాకు మొత్తం అర్థమైంది. మన మాటలో అసలు సంగతంతా చివర్నే ఉంటుంది. రావాలో కూడదో వాక్యం పూర్తయ్యేదాకా తెలియదు. ఆవిడ గొంతు మొదట్లోనే చిన్నది, చివరికొచ్చేసరికి తలతోపాటు ఇంకా దిగిపోతుంది. 'ఊడి రా' వరకే బాబాయికి అంది ఉంటుంది. ఆ మిగతాది ఇరవై మంది పాత కస్టమర్ల మాటల్లోంచి తెచ్చి తనే అతికించుకున్నాడు.

"నేను విన్నానండీ, నాకు బాగా గుర్తు," అంటూనే ఉన్నాడు బాబాయి. అబద్ధం ఆడటం లేదు. అదే ఘోరం. అంత నమ్మకంగా చెప్పేసరికి కెప్టెన్ గారు తడబడ్డాడు. భార్య వైపు తిరిగి గొంతు తగ్గించి, "నువ్వు అలాగే చెప్పావేమో, ఒక్కసారి గుర్తు చేసుకో. ఈమధ్య మర్చిపోతున్నావు కదా," అన్నాడు.

ఆవిడ మోచేతి రక్తం కొంగుతో అద్దుకుంది. "ఏమో. నేనే తప్పు చెప్పానేమో," అంది.

ఆ మాట నేను తట్టుకోలేకపోయాను. తుంటి విరిగితే స్టీలు వేస్తారు. తన మాట మీద తనకే నమ్మకం పోతే ఏం వేస్తారు?

"మీరు తప్పు చెప్పలేదమ్మా," అన్నాను. "మా బాబాయికి చెవులు వినపడవు. ఏడేళ్ళయింది. ఆయన దాస్తాడు, నేను సాయం పడతాను. ఆ రోజు పోట్లాడి నేను రాలేదు. తర్వాత అనుమానం వచ్చి కూడా మిమ్మల్ని అడగలేదు."

ఇదంతా బాబాయికి వీపు పెట్టి చెప్పాను. ఆయన మొహం చూస్తూ చెప్పే ధైర్యం నాకు లేదు. నా మాట ఆగిందని నా భుజాల కదలికను బట్టి కనిపెట్టినట్టున్నాడు, వెనక నుంచి గర్వంగా అన్నాడు:

"విన్నారుగా? మా అమ్మాయి ఉన్నది ఉన్నట్టు చెప్తుంది."

కెప్టెన్ గారు తల పక్కకు తిప్పుకున్నాడు. బాబాయి ఆయన మొహం చూశాడు, ఆవిడ మొహం చూశాడు, తర్వాత నా భుజం పట్టుకుని తనవైపు తిప్పుకున్నాడు.

"ఏం చెప్పావే?"

మొదటిసారి చెప్పడం తేలికే. రెండోసారి ఆయనకు వినపడేలా చెప్పాల్సి వచ్చింది. ఎడమ చెవి దగ్గరికి వెళ్ళి, "నీకు వినపడదని చెప్పాను బాబాయ్," అన్నాను. పక్క పడవకు రంగు వేస్తున్నవాళ్ళు కూడా పని ఆపి మావైపు తిరిగారు.

నన్ను కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. చేతిలో ఉన్న స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకోబోయి రెండుసార్లు తప్పాడు. తర్వాత బెంచీ పట్టుకుని మెల్లగా వంగి, ఆవిడ పక్కన నేల మీద కూర్చున్నాడు. ఎడమ చెవి ఆవిడ నోటి దగ్గరికి తెచ్చాడు.

"ఊడి రా... దాకా విన్నానమ్మా," అన్నాడు. "ఆ తర్వాతది చెప్పండి."